పెరటి చెట్టు – ఊరి గోపురం

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. చెట్టులో గుణం లేక కాదు. దినదినమూ కంటికి కనబడుతున్నది కనుక దానిలో గుణం ఉండవచ్చునన్న ఊహ ఇంటివారికి కలుగదు. చరిత్ర విషయంలో మన పాఠశాలలు పెరటి చెట్టును ఎంత చిన్నచూపు చూస్తున్నవో తెలియగోరినవారు శీతకాలంలో ఒక్కనాటి వేకువవేళ పాలకొల్లులో నిలబడితే చాలును. చుట్టుపట్ల గ్రామాలనుండి విజ్ఞానయాత్రకు బయలుదేరిన బడిపిల్లల బస్సు హైదరాబాదుకో, మైసూరుకో పోతూ క్షీరారామ గోపురం కనుచూపు మేరలోనుండి సాగిపోతుంది. పిల్లలు నిద్రమత్తులో ఉంటారు. ఉపాధ్యాయుడు తలలు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. మూడు దినాల తరువాత తిరిగి వచ్చిన ఆ పిల్లలు చార్మినారు 1591లో కట్టినదని గుక్క తిప్పుకోకుండా చెబుతారు. తమ ఊరి గోపురానికి ఎన్ని అంతస్తులున్నవని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూచుకుంటారు.

దూరయాత్రలు వద్దని ఎవరూ అనరు. గోలకొండ కోటలో ఒకచోట చప్పట్లు కొడితే మరొకచోట వినబడే వింత డెల్టా పిల్లవాడు చూడవలసినదే. కాని చూచుట అనేది ఒక విద్య. ఆ విద్యకు ఓనమాలు ఇంటివద్దనే దిద్దించవలె. తన వీధి చివరనున్న రాతిని ప్రశ్నించుట నేర్వని బాలుడు ఎంత దూరం పోయినా గోడలను చూచి వస్తాడేగాని చరిత్రను చూచి రాడు. పాలకొల్లు బాలునికి మొదటి చరిత్ర పాఠం పాలకొల్లే కావలె. ఈ మాట ఊరిమీది అభిమానంతో చెప్పదగినది కాదు, బోధనాశాస్త్రం దృష్ట్యా చెప్పదగినది.

పాలకొల్లు పంచారామాలలో ఒకటి. అమరావతిలో అమరారామం, ద్రాక్షారామం, సామర్లకోటలో కుమారారామం, భీమవరం గునుపూడిలో సోమారామం, పాలకొల్లులో క్షీరారామం – ఈ ఐదింటిలోను శివుడు ఆరామాల పేరనే వెలసి ఉన్నాడు. తారకాసురుని కంఠాన ఉన్న లింగం ఐదు తునకలై ఐదుచోట్ల పడినదని పురాణగాథ. ఉపమన్యుడనే బాలుడు పాలకై అలమటించి శివుని ప్రార్థించగా, పాలు ఉబికివచ్చి కొలను నిండినదని స్థలగాథ. పాలకొలనే పాలకొల్లు అయినదని ఊరివారి నమ్మకం. సంస్కృతంలో ఇదే క్షీరపురి. తెల్లని లింగం, తొమ్మిది అంతస్తులతో దాదాపు 120 అడుగుల ఎత్తున నిలిచిన గోపురం, విశాలమైన స్తంభమండపం – ఇవి చూపరుల కంటికి మొదట ఆనేవి. ద్రాక్షారామ, సామర్లకోట ఆలయాల నిర్మాణం తూర్పు చాళుక్యుడైన చాళుక్య భీముని పేర ప్రసిద్ధమైనది. పాలకొల్లు గోపురాన్ని రెడ్డిరాజుల కాలానికి చెప్పుకుంటారు.

ఇంతమట్టుకు ఊరిలో ఏ పెద్దను అడిగినా చెబుతాడు. ఉపాధ్యాయుని పని ఇక్కడినుండి మొదలవుతుంది. పురాణం వేరు, చరిత్ర వేరు. రెండింటికీ గౌరవం ఉన్నది. రెండింటి సాక్ష్యాలు మాత్రం ఒకటి కావు. ఉపమన్యుని కథ ఈ గడ్డమీద ప్రజలు పాడిపంటలను ఎంత పవిత్రంగా ఎంచినారో చెబుతుంది. గోడమీది శాసనం ఏ సంవత్సరాన ఎవరు ఏమి ఇచ్చినారో చెబుతుంది. ఈ రెండింటిని కలగాపులగం చేస్తే పిల్లవానికి కథా దక్కదు, చరిత్రా దక్కదు. కథను కథగా, శాసనాన్ని శాసనంగా చూపగల ఉపాధ్యాయుడు ఆ బాలునికి జీవితాంతం ఉపయోగపడే వివేకాన్ని అందించినవాడవుతాడు.

శాసనాల మాట వచ్చినది కనుక కొంత వివరించవలె. పంచారామాలు తెలుగు శాసనాలకు కాణాచులు. ఒక్క ద్రాక్షారామంలోనే వందలకొలది శాసనాలున్నవి. పాలకొల్లు శాసనాలుకూడ దక్షిణభారత శాసన సంపుటాలలో చోటుచేసుకున్నవి. శాసనమనగానే రాజుల జైత్రయాత్రలే ఉంటవని విద్యార్థులు భ్రమపడతారు. నిజానికి గోదావరి మండలపు ఆలయ శాసనాలలో పెక్కింట ఉన్నది దీపం సంగతి. ఒక భక్తుడు, లేదా భక్తురాలు, స్వామికి అఖండదీపం వెలిగించదలచి కొంత పశువుల మందను ఇస్తారు. ఆ మందను ఒక బోయ, అనగా కాపరి, చేపడతాడు. అందుకు బదులుగా అతడు దినదినమూ కొలత ప్రకారం నేయి తెచ్చి దీపానికి పోయవలె. అతని తరువాత కొడుకులు, మనుమలు పుత్రానుపౌత్రికంగా, సూర్యచంద్రులున్నంత కాలం పోయవలె. ఈ ఒడంబడికలో దాత పేరుతోపాటు మందను చేపట్టిన ఆ కాపరి పేరుకూడ చెక్కుతారు.

ఇది ఎంత గొప్ప సంగతి! పాఠ్యపుస్తకంలో చోటు దొరకని పసులకాపరి రాతిమీద చోటు సంపాదించినాడు. ఆనాటి నేతి కొలత ఏమిటి, ధర్మకార్యానికి పూచీ ఎవరు, స్త్రీలు స్వయంగా దానం చేయగలిగినారా, లెక్కలు ఏ శకంలో వ్రాసుకున్నారు – ఇన్ని ప్రశ్నలకు ఆ నాలుగు పంక్తులు సమాధానం చెబుతవి. తెలుగు పండితునికి అది భాషాచరిత్ర పాఠం. సాంఘికశాస్త్రోపాధ్యాయునికి ఆర్థికచరిత్ర పాఠం. లెక్కల మాస్టరుకు శకవర్షానికి 78 కలిపి క్రీస్తుశకం రాబట్టే అభ్యాసం. ఇన్ని పాఠాలు ఒక్క గోడమీద ఉండగా పిల్లలను ఆ గోడవద్దకు తీసుకొనిపోకపోవుట వింతకాదా?

ఆ గోడలు మాత్రం ఎంతకాలం ఉంటవి? ప్రమాదం పగవారి వల్ల రావడం లేదు, భక్తుల వల్లనే వస్తున్నది. ఉత్సవం వచ్చినదంటే సున్నం, పుష్కరం వచ్చినదంటే రంగునూనె. రాష్ట్రంలో ఎన్నో ప్రాచీనాలయాలలో శాసనాక్షరాలు వన్నెవన్నెల పూతల క్రింద పూడిపోయినవి. కొన్నిచోట్ల రాతిని శుభ్రం చేయదలచి ఇసుకను యంత్రంతో చిమ్మించగా మకిలితోపాటు అక్షరమూ రాలిపోయినది. కొన్నిచోట్ల పాత మండపం తొలగించి చలువరాయి పరచినారు. ఇవన్నీ సద్భావంతో జరిగిన పనులే. ఆ దాత తన సొమ్ముతో గోడకు రంగు వేయించి, తన పేరు వ్రాయించుకుంటాడు. తనకు ఎనిమిది వందల సంవత్సరాలకు పూర్వం తనవలెనే దానం చేసిన మరొక దాత పేరును తానే చెరిపివేస్తున్నానని అతనికి తెలియదు. తెలియకపోవుటకు కారణం అతనికి బడిలో ఆ సంగతి ఎవరూ చెప్పకపోవుటే. ఈనాటి విద్యార్థియే రేపటి దాత, రేపటి ధర్మకర్త, రేపటి పురపాలక సభ్యుడు. గోడను కాపాడవలెనంటే మొదట వానికి గోడ చదువుట నేర్పవలె.

పాలకొల్లుకు ఆలయం ఒక్కటే చరిత్ర కాదు. పదునేడవ శతాబ్దిలో డచ్చి వర్తకులు ఇక్కడ స్థావరం ఏర్పరచుకున్నారు. గోదావరి తీరపు సాలెవారు నేసిన బట్ట వారికి కావలసివచ్చినది. ఇక్కడికి కొద్ది మైళ్ళ దూరంలోని నరసాపురం రేవు ఓడల నిర్మాణానికి పేరుపొందినది. నరసాపురం చెంతనున్న మాధవాయపాలెంలో ఇంగ్లీషువారి వర్తకశాల ఉండేది. ఆ ఊరి పేరు పరదేశీయుల నోట మదపొలమై, అక్కడి సన్నని నూలుబట్టకు పేరై, నేటికిని ఇంగ్లీషు నిఘంటువులలో నిలిచి ఉన్నది. లండను దుకాణంలో తెలుగు పల్లె పేరు పలికిన కాలం ఒకటి ఉన్నదని నరసాపురం తాలూకా పిల్లలలో ఎందరికి తెలుసు? 1824లో లండనులో కుదిరిన సంధితో భారతదేశంలోని డచ్చి స్థావరాలు ఇంగ్లీషువారి వశమైనవి. భీమునిపట్నంలోను, మచిలీపట్నంలోను డచ్చివారి సమాధితోటలు ఆ కథకు సాక్ష్యంగా ఉన్నవి. పురావస్తుశాఖకు చెందిన అలెగ్జాండర్ రే 1897లో మద్రాసు రాజధానిలోని డచ్చి కంపెనీ అవశేషాలపై ఒక గ్రంథమే ప్రకటించినాడు. పరాయివారి గోరీలు మనకెందుకని కొందరు అడుగుతారు. ఆ గోరీలలో ఉన్నవారు పరాయివారే. వారిని ఇంతదూరం రప్పించినది మాత్రం మన సాలెవాని మగ్గం. ఆ మగ్గం కథ చెప్పే రాయి మనదికాక మరెవ్వరిది?

చరిత్రను గర్వం కోసమే చూపరాదు. ఈ మాట ఉపాధ్యాయులు గట్టిగా పట్టుకోవలె. డచ్చివారు బట్టలు మాత్రమే కొనలేదు. పదునేడవ శతాబ్దిలో కోరమాండల్ తీరపు రేవులనుండి, ముఖ్యంగా కరవు కాలాలలో, మనుషులనుకూడ కొని బతావియాకు, సింహళానికి ఓడలమీద పంపినారు. ఆకలికి తాళలేక తమ్ము తాము అమ్ముకున్నవారు, బిడ్డలను అమ్ముకున్న తల్లిదండ్రులు ఆ లెక్కల పుస్తకాలలో వట్టి సంఖ్యలై మిగిలినారు. వారికి గోరీలు లేవు, శాసనాలు లేవు. స్మారకచిహ్నం ఎదుట నిలిచినప్పుడు, ఇక్కడ పేరున్నది ఎవరిది అని మాత్రమే అడిగితే చాలదు. పేరు లేనివారెవరు అనికూడ అడగవలె.

అమెరికాలో దక్షిణరాష్ట్రాల పాతనగరం చార్లెస్టన్ ఈ విషయంలో తలచదగినది. 1670లో స్థాపితమైన ఆ నగరం తన పాత భవనాలను కాపాడుకొనుటకు 1931లోనే శాసనం చేసుకొని, ఆ దేశంలో చారిత్రకప్రాంత రక్షణకు మార్గదర్శకమైనది. బహుకాలం ఆ నగరానికి వచ్చిన యాత్రికునికి చూపినవి ధనికుల మేడలు, పూలతోటలు, 1861లో అంతర్యుద్ధపు తొలి ఫిరంగి మ్రోగిన సమ్టర్ దుర్గం. ఆ మేడలకు ఇటుకలు మోసిన ఆఫ్రికా సంతతి బానిసల ఊసు తక్కువ. కాలక్రమాన ఆ నగరమే తన కన్ను తెరుచుకున్నది. బానిసలను వేలం వేసిన పాత అంగడిని ఈనాడు ప్రదర్శనశాలగా చూపుతున్నారు. బానిసల ఓడలు వచ్చి ఆగిన గాడ్స్‌డెన్ రేవు స్థలంలోనే 2023లో ఆఫ్రికా అమెరికనుల చరిత్రకు ఒక మహాప్రదర్శనశాల తెరిచినారు. మేడను కూల్చలేదు, మేడ ప్రక్కన మోసినవాని కథ నిలిపినారు. యాత్ర అంటే అటువంటిది. ఆలయం చూపి కాపరి పేరు చదివించుట, డచ్చి గోరీ చూపి సాలెవానిని, అమ్ముడుపోయిన అభాగ్యుని తలపించుట – ఇదే మన పాఠశాలలు నేర్వవలసిన పద్ధతి.

ధవళేశ్వరం విషయంలోను ఇంతే. పాలకొల్లు చుట్టుపట్ల పారే కాలువల నీరు ఆ ఆనకట్ట పుణ్యమే. 1833 ప్రాంతాల కరవుతో, తుఫానులతో గోదావరి మండలం చితికిపోగా, ఆర్థర్ కాటన్ పథకం ప్రకారం 1847లో పని మొదలై 1852 నాటికి పూర్తి అయినది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం – ఈ నాలుగు భాగాలుగా ఆనకట్ట నది పాయలను బంధించినది. ఈనాడు దాని స్థానంలో కాటన్ పేరుతోనే కొత్త ఆనకట్ట ఉన్నది. కాటన్ విగ్రహం లేని ఊరు డెల్టాలో అరుదు. ఆ కృతజ్ఞత సమంజసమే. కాటన్ చెంత పనిచేసి కూలిజనాన్ని సమకూర్చిన వీణెం వీరన్న పేరు అందులో పదోవంతు మందికి తెలియదు. రాళ్ళు కొట్టి, మోసి, నీటిలో దిగి పనిచేసిన వేలమంది పేర్లు అసలే లేవు. ఆనకట్ట చూడబోయిన పిల్లలకు ఈ మూడు అంతస్తులనూ చూపవలె: పథకం వేసినవాడు, పని నడిపినవాడు, రాయి మోసినవాడు.

పాతవాటి విలువ పోగొట్టుకున్న తరువాతనే తెలియుట లోకస్వభావం. అమెరికాలోనే మరొక దక్షిణనగరం సవానాలో 1954లో పాత అంగడిభవనాన్ని కూల్చి కార్లు నిలుపుటకు కట్టడం లేపినారు. మరుసటి సంవత్సరం డావెన్‌పోర్టు గృహానికికూడ అదే గతి పట్టబోగా ఏడుగురు స్త్రీలు పూనుకొని, చందాలు పోగుచేసి, ఆ ఇంటిని కొని నిలబెట్టినారు. అక్కడినుండి ఆ నగరంలో ఇల్లు వెంట ఇల్లు రక్షింపబడినది. ఏడుగురు గృహిణుల పట్టుదలకు ఒక నగరం ఋణపడినది.

మనకు ఇంతకన్న పెద్ద గుణపాఠం మన అమరావతిలోనే జరిగినది. పదునెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వెంకటాద్రినాయుని కాలంలో కొత్త పట్టణానికి రాయి కావలసివచ్చి అక్కడి దిబ్బను త్రవ్వినారు. బయటపడినవి బౌద్ధ మహాస్తూపపు పాలరాతి శిల్పాలు. కొన్ని మెట్లయినవి, కొన్ని గోడలయినవి, కొన్ని కాలి సున్నమయినవి. ఆ స్థలాన్ని చూచిపోయిన కల్నల్ మెకంజీ 1816లో మరల వచ్చేసరికి స్తూపం నడిబొడ్డున చెరువు తవ్వి ఉన్నది. మిగిలిన శిల్పాలను అతడు బొమ్మలు గీయించినాడు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి, అందులో పెక్కు లండను బ్రిటిష్ మ్యూజియం చేరినవి. వెంకటాద్రినాయుడు గొప్ప దాత, ఆలయపోషకుడు. అతనిని నిందించి లాభం లేదు. ఆ దిబ్బలో ఏమున్నదో చెప్పగల చదువు ఆనాడు ఊరిలో లేదు. ఈనాడు ఉన్నది. ఉండికూడ ఉపయోగించకుంటే ఆ నింద ఈ తరానిది.

మనవారిలో కన్ను తెరిచినవారు లేకపోలేదు. మెకంజీకి కుడిభుజమై గ్రామగ్రామం తిరిగి స్థానిక చరిత్రలను సేకరించిన కావలి సోదరులు ఏలూరువారు. తరువాత ఒక శతాబ్దికి రాజమహేంద్రవరంలో జరిగిన సంగతి మరీ ముఖ్యమైనది. రాజరాజనరేంద్రుడు 1022లో పట్టాభిషిక్తుడైనాడు. సరిగా తొమ్మిది వందల సంవత్సరాలకు, 1922లో, ఆ సందర్భాన్ని పురస్కరించుకొని పండితులు అక్కడ ఆంధ్రేతిహాస పరిశోధకమండలిని స్థాపించినారు. భావరాజు వెంకటకృష్ణారావు, రాళ్ళబండి సుబ్బారావు వంటివారు శాసనాలు, నాణేలు సేకరించి, చదివి, ప్రకటించినారు. ఆనాడు వారికి ప్రభుత్వపు అండలు పెద్దగా లేవు; ఉన్నది ఆసక్తి. ఈనాడు రాజమహేంద్రవరంలోని ప్రభుత్వ ప్రదర్శనశాల రాళ్ళబండి సుబ్బారావు పేరనే వెలసి ఉన్నది.

రాజరాజు కోట ఈనాడు లేదు. నన్నయ కూర్చుని భారతం చెప్పిన సభామందిరం లేదు. కాని 1053లో నన్నయభట్టు రచించిన నందంపూడి తామ్రశాసనం మిగిలినది. తన సహాధ్యాయి నారాయణభట్టుకు రాజు చేసిన అగ్రహారదానాన్ని అది చెబుతుంది. మహాసౌధం పోయి రాగిరేకు నిలిచినది. చిన్నవస్తువును చిన్నచూపు చూడరాదన్న నీతి ఇందులో ఉన్నది. అదే నగరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారి జన్మగృహం ఉన్నది. 1881 డిసెంబరు 11న తొలి వితంతువివాహం జరిపించిన ఆ మహనీయుడు పెరిగిన గదులు ఎంత చిన్నవో చూచిన బాలుడు, పెద్దపనికి పెద్దమేడ అక్కరలేదని గ్రహిస్తాడు. 56 ఖానాలతో గోదావరిమీద నిలిచి, 1900 నుండి 1997 దాక రైళ్ళు మోసి విశ్రమించిన హేవలాకు వంతెనకూడ చారిత్రకచిహ్నమే. గుడి మాత్రమే చరిత్ర, వంతెన చరిత్ర కాదన్న అపోహ పిల్లలకు కలుగనీయరాదు.

ఈ వాదానికి ఆక్షేపణలు లేకపోలేదు. ఆలయం పూజాస్థలమేగాని ప్రదర్శనశాల కాదని కొందరంటారు. నిజమే. గర్భాలయంలో నిలిచి శిల్పశాస్త్రం ఉపన్యసించవలెనని ఎవరూ కోరడంలేదు. ప్రాకారం చుట్టూ తిరిగి, స్తంభం చూచి, శాసనం చదువుటకు భక్తికి విరోధం లేదు. కార్తికమాసంలో ఒక్కదినంలో ఐదు ఆరామాలనూ చూపే బస్సులు నడుస్తున్నవి. వేకువన ఒక ఊరు, రాత్రికి ఐదవ ఊరు. ఆ తొందరలో భక్తుడు క్యూలోని ముందువాని వీపునే ఎక్కువసేపు చూస్తాడు. తాను కైమోడ్చిన చోట వందల యేండ్లనాడు ఎవరు దీపం పెట్టినారో తెలిసినవాని భక్తి పెరుగుతుందేగాని తరగదు.

తరగతిలో అన్ని మతాల పిల్లలు ఉంటారుగదా అని మరొక ఆక్షేపణ. ఉండనే ఉంటారు. అందువలననే ఊరి చరిత్రయాత్ర ఒక్క గుడితో ముగియరాదు. ఊరిలోని పాత మసీదు, పాత చర్చి, సాలెవారి వీధి, కాలువ లాకు, గ్రంథాలయం – ఇన్నింటినీ కలిపితేనే ఊరు. శాసనంలోని కాపరి, మగ్గంమీది సాలెవాడు, ఆనకట్ట రాయి మోసిన కూలీ ఏ ఒక్క మతానికో చెందినవారు కారు. తరగతిలోని ప్రతి బాలునికీ పూర్వులే.

పరీక్షల ఒత్తిడిలో తీరికేదని మూడవ ఆక్షేపణ. దూరయాత్రకు మూడు దినాలు దొరికినప్పుడు ఊరికి ఒక పూట దొరకకపోదు. ఖర్చు అంటారా, నడిచిపోయే దూరానికి బస్సు బాడుగ లేదు. నిజానికి ఈ యాత్ర వలన అధికలాభం పొందేవాడు బీదవిద్యార్థి. మైసూరు యాత్రకు చందా కట్టలేక, మిత్రులు బస్సు ఎక్కుతుండగా బడి గేటువద్ద నిలబడిపోయిన పిల్లవానిని ప్రతి ఉపాధ్యాయుడూ ఎరుగును. ఊరియాత్రలో వాడు వెనుకబడడు. పైపెచ్చు, ఆ వీధులలో పెరిగినవాడు కనుక ముందు నడుస్తాడు.

ఈ యాత్ర జరుపవలసిన తీరుకూడ చెప్పవలసి ఉన్నది. ఉపాధ్యాయుడు ముందుగా ఒకసారి ఒంటరిగా పోయి చూచి రావలె. పిల్లలను పదిమంది చొప్పున జట్లుగా విభజించి, ఒక్కొక్క జట్టుకు ఒక్కొక్క వస్తువు ఒప్పగించవలె: ఒకరికి గోపురం, ఒకరికి స్తంభం, ఒకరికి శాసనం, ఒకరికి కొలను. ప్రతి వస్తువునూ నాలుగు ప్రశ్నలు అడిగించవలె. ఇది ఎవరి సొమ్ముతో లేచినది? ఎవరి చేతులతో లేచినది? అప్పటినుండి ఏమేమి మారినది? దీనిని ఇప్పుడు ఎవరు కాపాడుతున్నారు? సమాధానాలు ఊరి వృద్ధులను, అర్చకులను, శిల్పులను అడిగి వ్రాసుకొని రావలె. విన్నదాని క్రింద ‘విన్నది’ అని, చదివినదాని క్రింద ‘చదివినది’ అని, కంట చూచినదాని క్రింద ‘చూచినది’ అని గుర్తు పెట్టవలె. ఈ మూడు గుర్తులు పెట్టుట నేర్చిన బాలుడు పెద్దవాడై ఏ పుకారుకూ లొంగడు.

శాసనంమీద సుద్ద రుద్దరాదు, మేకుతో గీయరాదు, పేర్లు వ్రాయరాదు. అచ్చు తీయుట శిక్షణ పొందినవారి పని; పిల్లలు చాయాచిత్రం తీసుకుంటే చాలును. ఆ చిత్రాలను, వ్రాతలను కలిపి కుట్టి పాఠశాల గ్రంథాలయంలో ఉంచవలె. మరుసటి యేటి తరగతి ఆ పుస్తకం పట్టుకొని పోయి, ఏది నిలిచినది, ఏది చెరిగినది సరిచూడవలె. ఒక శాసనంమీద కొత్తగా రంగు పడినదని గమనించిన నాడు ఆలయాధికారులకు, పురావస్తుశాఖకు పిల్లలచేతనే సవినయంగా ఉత్తరం వ్రాయించవలె. రక్షిత కట్టడాలకు 1958 నాటి చట్టం ఉన్నది. 1976లో రాజ్యాంగంలో చేరిన ప్రాథమిక విధులలో దేశపు ఉమ్మడి సంస్కృతి వారసత్వాన్ని విలువకట్టి కాపాడుట పౌరుని విధిగా చెప్పినారు. ఆ అధికరణాన్ని పిల్లలు పరీక్షకోసం కంఠస్థం చేస్తున్నారు. ఆ ఉత్తరం వ్రాసినప్పుడే దాని అర్థం వారికి తెలుస్తుంది.

ప్రభుత్వం ఉత్తరువు ఇచ్చేదాక వేచి ఉండవలసిన పని కాదిది. రాజమహేంద్రవర పండితులు 1922లో ఎవరి ఉత్తరువుకూ వేచి ఉండలేదు. సవానా స్త్రీలు ఏడుగురే. ప్రతి పాఠశాలలో ఒక తెలుగు ఉపాధ్యాయుడు, ఒక సాంఘికశాస్త్రోపాధ్యాయుడు కలిసి నిశ్చయించుకుంటే చాలును. ఆనాడు మందను చేపట్టిన కాపరి తన మనుమలచేతకూడ దీపానికి నేయి పోయిస్తానని మాట ఇచ్చినాడు. ఆ మాట చెక్కిన రాయినైనా చెడకుండా చూచుకొనుట ఈనాటివారి వంతు.

ఈ శీతకాలంలోను బస్సులు బయలుదేరుతవి. పోనిండు. కాని పాలకొల్లు పొలిమేర దాటకముందు పిల్లలను ఒక్కసారి దించి, నిద్రమత్తు కడిగించి, గోపురం ఎదుట నిలబెట్టి, అంతస్తులు లెక్కపెట్టించండి. ఒక శాసనం చూపి, అందులో ఒక కాపరి పేరు చదివించండి. అరగంట ఆలస్యమైనా ఫరవాలేదు. చార్మినారు అక్కడనే ఉంటుంది.